ఏడు గాదెలు, ఒక గండి

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, పైడికొండ అని ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి గజవర్మ అని ఒక రాజు. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు దండివర్మ, రెండోవాడు లలితవర్మ, ఆఖరిది కువలయ.

పైడికొండలో పన్ను కట్టడమంటే ధాన్యం కొలవడమే. పంట ఇంటికి రాగానే రైతులు రాజుగారి వంతు కొలిచేవారు. అందులోంచి సైన్యానికి ఇచ్చేవారు, ఏనుగులకు పెట్టేవారు, పంతుళ్ళకు, వైద్యులకు, అన్నసత్రాలకు పంపేవారు. అన్నీ పోగా మిగిలింది కోట వెనక ఉన్న మిగులు గాదెల్లో పోసేవారు. అవి ఏడు. ఏడు ఏనుగులు వరసగా నిలబడ్డట్టు ఉండేవి.

ఆ గాదెలకు ఒక ఆచారం ఉంది. పైన కంతలోంచి ధాన్యం పోయడమే కాని, కింద తలుపు తెరిచి తీయడం లేదు. రాజుగారి తాత నాడు, ఏడు సముద్రాల అవతలినుంచి కరాళుడనే మాంత్రికుడు వచ్చాడు. "మహారాజా, మిగులంటే ముట్టుకోకూడనిది. మీ గాదెలకు నేను కాపలా ఉంటాను. ఎవరైనా తలుపు మీద చెయ్యి వేస్తే వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. కూలి కింద ఏడాదికి ఒక్క తట్ట ధాన్యం చాలు" అన్నాడు. ఒక్క తట్టే కదా అని తాతగారు సరేనన్నాడు. అప్పటినుంచీ ప్రతి ఏడూ పంటల కాలం ముగియగానే ఆకాశంలో ఒక పచ్చటి మబ్బు వచ్చేది, ఒక తట్ట ధాన్యం దానంతట అదే లేచి అందులోకి వెళ్ళిపోయేది. జనం చేతులెత్తి దణ్ణం పెట్టేవారు. గాదెలో ఏముందో, ఎలా ఉందో ఒక్కరూ చూసేవారు కారు.

ఇలా ఉండగా ఒక ఏడాది పంటలు విరగపండాయి. ఏడో గాదె కూడా కంతదాకా నిండింది. ఇక పోయడానికి చోటు లేదు.

ఆ కబురు వచ్చిన రోజున కువలయ కోటలో లేదు. వెన్నేటి గట్టు మీద ఉంది. వెన్నేరు ఆ రాజ్యాన్ని సాకే నది. రెండేళ్ళ కిందట వరద వచ్చి దాని గట్టుకు గండి కొట్టింది. దిగువనున్న అయిదు ఊళ్ళ పొలాల్లో ఇసుక మేట వేసింది. ఊళ్ళవాళ్ళు దిబ్బ మీద పాకలు వేసుకుని ఉంటున్నారు. ప్రతి వేసవిలోనూ మట్టి పోసుకోవడం, ప్రతి వానాకాలంలోనూ నది దాన్ని ఎత్తుకుపోవడం. రాతికట్టు కడితే తప్ప నిలవదు. రాతికట్టు కట్టేవాళ్ళకు తిండి పెట్టాలి. పెట్టడానికి వాళ్ళ దగ్గర ఏముంది, ఇసుక తప్ప?

దిబ్బ మీద సోమక్క అని ఒకావిడ ఉంది. ఎవరికీ భయపడదు. కువలయ గుర్రం దిగగానే నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది.

"ఏం తల్లీ, మళ్ళీ చూడ్డానికొచ్చావా? ఇది మూడోసారి. నువ్వు చూసిపోయినప్పుడల్లా గండి ఇంకాస్త పెద్దదవుతోంది."

"ఈసారి పూడ్చడానికే వచ్చాను సోమక్కా."

"దేంతో? నీ చేతిగాజులతోనా?"

"గాదెలు నిండాయట, దారిలో విన్నాను. నాన్నగారిని అడుగుతాను."

"అడుగు, అడుగు. వానలు పడ్డాయంటే ఈసారి మేముండం. అయిదు ఊళ్ళూ మూటలు కట్టుకుని పొరుగు రాజ్యానికి పోతాయి. తర్వాత నువ్వొచ్చి కప్పలకు చెప్పుకో."

కువలయకు రోషం వచ్చింది. వంగి ఒక ఇసుక పిడికిలి తీసి కొంగున ముడి వేసుకుంది. "తొలి వాన పడేలోగా గండి పూడుస్తాను. పూడ్చేదాకా ఈ ముడి విప్పను" అంది.

"ముడి గట్టిగా వెయ్యి తల్లీ, చాన్నాళ్ళు ఉండేట్టుంది" అంది సోమక్క.

కోటకు తిరిగొచ్చేసరికి రాజుగారు సభ తీర్చి కూర్చున్నాడు. ముందు పెద్దకొడుకును అడిగాడు. "నాయనా, ఇంత మిగులు మన వంశంలో ఎన్నడూ లేదు. ఏం చేద్దాం?"

దండివర్మ మీసం దువ్వుకున్నాడు. "గోపురం కడదాం నాన్నగారూ. పొరుగు రాజులు తలెత్తి చూస్తే మెడలు పట్టేయాలి. శిఖరానికి మీ పేరు, కింద చిన్నగా నా పేరు."

రెండోకొడుకును అడిగాడు. లలితవర్మ చిరునవ్వు నవ్వాడు. "జనానికి పంచేద్దాం నాన్నగారూ. ఇంటికి ఒక బస్తా. ఈ ఏడే కాదు, ఏటేటా. పన్ను కూడా ఎత్తేద్దాం, ఇక ఎప్పటికీ. మన పేరు చెప్పుకుని పాటలు పాడతారు."

"పై ఏడు వాన పడకపోతే బస్తా ఎక్కణ్ణుంచి తెస్తావు అన్నయ్యా?" అంది కువలయ. "పన్నూ లేక, గాదే లేక, ఏనుగులకు నీ పాటలు పెడతావా?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. లలితవర్మ మొహం మాడ్చుకున్నాడు.

"మరి నువ్వు చెప్పమ్మా" అన్నాడు రాజు.

"వెన్నేటి గండి పూడ్చండి నాన్నగారూ. ఇది ఈ ఏడు వచ్చిన మిగులు. పై ఏడు వస్తుందో రాదో తెలియదు. ఒక్కసారి వచ్చినదాన్ని ఒక్కసారి చేసి ముగించే పనికి పెట్టాలి. ఏటేటా ఇస్తామని మాటిస్తే, రాని ఏడు మాట తప్పాలి. గండి ఒకసారి పూడితే అయిదు ఊళ్ళు మళ్ళీ పండుతాయి. పండితే మళ్ళీ పన్ను కడతాయి."

ముసలి మంత్రి వాచస్పతి గొంతు సవరించుకున్నాడు. "గట్లూ గండ్లూ రాచకన్యలు మాట్లాడే విషయాలా అమ్మా?"

"వరద వచ్చినప్పుడు ఎవరు రాచకన్య అని అడిగి రాదు కదండీ" అంది కువలయ.

రాజు లేచాడు. "ముందు ఎంత ఉందో కళ్ళతో చూద్దాం, తర్వాత పోట్లాడుకుందురు గాని" అన్నాడు. అందరూ వద్దు వద్దంటున్నా వెళ్ళి మొదటి గాదె తలుపు మీద చెయ్యి వేశాడు.

వేసిన చెయ్యి వేసినట్టే రాయి అయిపోయింది. భుజం రాయి అయింది. మనిషంతా రాయి అయిపోయి తలుపుకు అడ్డంగా నిలబడిపోయాడు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆకాశంలో పచ్చమబ్బు కమ్మింది. అందులోంచి కరాళుడి నవ్వు వినిపించింది.

"ముట్టుకోకూడదని చెప్పానా లేదా? మీ రాజు కావాలంటే నా పచ్చదీవికి రండి. మూడు పనులు చెబుతాను. మూడూ చేస్తే రాజును విడుస్తాను, గాదెలూ మీవే. చెయ్యలేకపోతే అక్కడే రాయవుతారు. రాళ్ళంటే నాకు సరదా!"

దండివర్మ కత్తి దూసుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. లలితవర్మ పట్టుపంచె సర్దుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. వేసవి సగం అయిపోయింది. కువలయ గుర్రానికి జీను వేసింది.

"అమ్మా, నువ్వు ఆడపిల్లవి" అన్నాడు వాచస్పతి.

"ఆ సంగతి మెల్లగా అనండి. గుర్రం వింటే పరిగెత్తడం మానేస్తుంది" అని, తండ్రి రాతిపాదాలకు దణ్ణం పెట్టుకుని, ఆమె బయల్దేరింది.

పోయింది, పోయింది, పోయింది. కొండలు దాటింది, కోనలు దాటింది. ఒకచోట చిన్న జల్లు కురిసి వెలిసింది. దారంతా చీమలు. గూట్లోంచి ఒక్కొక్క గింజా మోసుకొచ్చి ఎండలో పరుస్తున్నాయి. గుర్రం కాలు మోపబోతుంటే కువలయ కళ్ళెం బిగించి పక్కకు లాగింది.

"బతికించావు తల్లీ" అంది ఒక ముసలిచీమ. "మా ఏడాది తిండి ఇది."

"దాచుకున్నదాన్ని బయటెందుకు పెట్టారు?"

"తడిసింది కదా. ఎండ చూపించకపోతే బూజు పడుతుంది. దాచడం అయిపోగానే పని అయిపోయిందనుకుంటావా? అప్పుడే మొదలవుతుంది."

తాతల నాటినుంచీ తలుపు తెరవని గాదెలు కువలయ కళ్ళ ముందు మెదిలాయి.

"పనిపడితే నేల మీద మూడుసార్లు తట్టు" అంది చీమ. "ఏ నేలైనా మాదే. వస్తాం."

ఇంకా పోయింది. సముద్రం ఒడ్డున ఒక చెట్టు కింద గూడబాతు పిల్ల పడి ఉంది. దాన్ని కొంగులో చుట్టుకుని చెట్టెక్కి గూట్లో పెట్టింది. అంతలో తల్లి గూడబాతు సంచిలాంటి ముక్కునిండా చేపలతో వచ్చింది. వచ్చి, ఏ పిల్ల డొక్క లోపలికి పోయిందో చూసి దానికి ముందు పెట్టింది, తర్వాత మిగతావాటికి. అందరికీ పెట్టాక అడిగింది. "నా పిల్లను కాపాడావు. నీకేం కావాలి?"

"పచ్చదీవికి వెళ్ళాలి."

"ఎక్కు" అంది గూడబాతు, ఇంకేమీ అడక్కుండా.

ఏడు సముద్రాలనగానే ఏడూ ఉప్పునీళ్ళే అనుకోకండి. మొదటిది ఉప్పుసముద్రం. రెండోది చెరకురసం. మూడోది కల్లు, దాని మీదుగా పోతున్నప్పుడు గూడబాతు కొంచెం అటూ ఇటూ తూలింది, కువలయ గట్టిగా పట్టుకుంది. నాలుగోది నెయ్యి, ఆ వాసనకు ఇద్దరికీ ఆకలేసింది. అయిదోది పెరుగు, ఆరోది పాలు, ఏడోది మంచినీళ్ళు. మంచినీళ్ళ సముద్రం మధ్యలో పచ్చదీవి.

దారిలో గూడబాతు చెప్పింది. "కరాళుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక ఇనప పంజరంలో ఉంది. పంజరానికి తలుపు లేదు. నీళ్ళూ గింజలూ పెట్టేంత సందు మాత్రం ఉంది. దానికి వాడు తాను కాపలా ఉన్న గాదెల ధాన్యం తప్ప మరొకటి పెట్టడు."

"ధాన్యం ఎక్కడైనా దొరుకుతుంది కదా?"

"ఏ ధాన్యమైనా పనికిరాదట. ఎవరి కడుపూ నింపనిది, ఏ పొలంలోనూ మొలవనిది, ఊరికే పడి ఉన్నదే కావాలట. అది తిన్నంతకాలం వాడికి చావు లేదు."

కువలయ కొంగున ఇసుక ముడిని తడుముకుంది. ఒక్క తట్టే కదా అనుకున్నాడు ముత్తాత. వాడికి కావలసింది తట్ట కాదు. తలుపు మూసి ఉండడం.

దీవి ఒడ్డున రాతిమనుషులు నిలబడి ఉన్నారు. దండివర్మ కత్తి ఎత్తి ఉన్నాడు. లలితవర్మ చేతులు చాచి ఉన్నాడు. వాళ్ళ పక్కన ఎవరో ఒక యువకుడు, చేతిలో కత్తి లేదు, భుజాన పలుగు ఉంది. పలుగుతో మాంత్రికుడి మీదికి వచ్చినవాణ్ణి కువలయ ఎక్కడా చూడలేదు. ఒక్క క్షణం నిలబడి చూసింది.

"మూడోది కూడా వచ్చిందే!" అంటూ కరాళుడు ఎదురొచ్చాడు. బక్కపలచటి మనిషి, నేలను ఊడ్చే పచ్చ అంగీ. "మీ పెద్దన్న మొదటి పనికే చేతులెత్తేశాడు. రెండోవాడు మాటకారి, మొదటి పని నా సేవకుల చేత చేయించుకున్నాడు. రెండోదాంట్లో రాయయ్యాడు. నువ్వు ఎందాకా వస్తావో చూస్తాను."

"చూస్తూనే ఉండు. పని చెప్పు" అంది కువలయ.

వాడు ఒక పెద్ద కుప్ప చూపించాడు. "ఇదంతా మీ గాదెలనుంచి వచ్చిన ధాన్యమే. పొద్దు వాలేలోగా మంచి గింజ ఒకవైపు, పనికిరానిది ఒకవైపు ఉండాలి."

కువలయ దోసెట్లోకి తీసుకుని ఊదింది. సగం పొడి అయి గాలిలోకి లేచింది. మిగతా సగంలో పురుగు తొలిచినవి, బూజు పట్టినవి, మధ్యమధ్య బాగున్నవి. అదే చెయ్యి కొంగుకు తుడుచుకుని నేల మీద మూడుసార్లు తట్టింది. చీమలు వచ్చాయి. బారులు బారులుగా, పాయలు పాయలుగా వచ్చాయి. పొద్దు వాలకముందే పని అయిపోయింది. మంచి గింజల కుప్ప చిన్నది. చెడ్డ కుప్ప పెద్దది. కువలయ ఆ పెద్ద కుప్పకేసి చాలాసేపు చూసింది. మనం నిండు గాదెలనుకుంటున్నవి ఇలా ఉన్నాయన్నమాట. ఇంటికి వెళితే తలుపు తెరవకుండా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

"సరే, మొదటిది అయింది" అన్నాడు కరాళుడు, పెదవి కొరుక్కుంటూ.

మర్నాడు పొద్దున్నే దీవిలో పక్షులన్నీ వచ్చి గోల మొదలుపెట్టాయి. ఆకలి, ఆకలి, ఆకలి. కరాళుడు ఒక తట్ట మంచి గింజలు ఇచ్చాడు. "దీంతో వీటి నోళ్ళు మూయించు. రేపు కూడా నా గుమ్మం ముందు అరవకూడదు. ఎల్లుండి కూడా. మీ అన్న ఒక్క విసురుకు తట్టంతా చల్లేశాడు. పక్షులు మెచ్చుకున్నాయి. మర్నాడు అన్నీ వచ్చి వాడి నెత్తి మీదే కూర్చున్నాయి."

కువలయ గింజ చల్లలేదు. పక్షుల్ని అడిగింది. "ఈ తట్ట రాకముందు మీరేం తినేవారు?"

"మేడిపళ్ళు" అన్నాయి. "ఆ చెట్టు పళ్ళు. ఇప్పుడు ఎండిపోయింది."

వెళ్ళి చూసింది. చెట్టుకు ఎగువన ఒక ఊట ఉంది. ఎప్పుడో కొండచరియ విరిగి ఊటకు అడ్డం పడింది. నీళ్ళు చెట్టు వైపు రాకుండా పక్కనుంచి సముద్రంలోకి పోతున్నాయి.

"రాళ్ళు తొలగిద్దాం" అంది. "తొలగించినవాళ్ళకు గింజలు."

"రెక్క విరిగినవాళ్ళ మాటేమిటి?" అని ఒక కాకి నిలదీసింది. "పిల్లలున్నవాళ్ళ మాటేమిటి? మాకు మాటలు చెప్పకు, మేము చాలా విన్నాం."

"వాళ్ళకు ముందు పెడతాను, పని అడగను" అంది కువలయ. గూడబాతును చూసి నేర్చుకున్నదే అది. ముందు బలహీనంగా ఉన్నవాటికి తన చేత్తో పెట్టింది. అప్పుడు మిగతావి కదిలాయి. గద్దలు బండలు దొర్లించాయి, కొంగలు మట్టి తీశాయి, పిచ్చుకలు గులకరాళ్ళు మోశాయి. కాకి అందరి మీదా పెత్తనం చేసింది. తట్ట ఖాళీ అయ్యేసరికి ఊట చెట్టు మొదటికి వచ్చింది. మంత్రాల దీవి కదా, అక్కడ నీళ్ళు తగిలిన చెట్టు మన దగ్గరలా ఏళ్ళు తీసుకోదు. తెల్లవారేసరికి కొమ్మ కొమ్మకూ ఎర్రటి మేడిపళ్ళు వేలాడాయి. ఆ రోజు కరాళుడి గుమ్మం ముందు ఒక్క పక్షి లేదు.

వాడి మొహం నల్లబడింది. "మూడోది చెయ్యలేవు" అన్నాడు. మేడ లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇనప పంజరంలో చిలుక. ముసలిది, ఈకలు మాసిపోయాయి. పక్కన మొన్న చీమలు వేరుచేసిన మంచి గింజల కుప్ప, చిలుక ముట్టేది అదొక్కటే.

"పొద్దు వాలేలోగా ఈ గది ఖాళీ కావాలి. కాని ధాన్యం పోకూడదు. నువ్వు తినకూడదు, ఎవరికీ పెట్టకూడదు, నీళ్ళలో పొయ్యకూడదు, కాల్చకూడదు. మరో గదిలోకి మార్చి ఖాళీ అయిందనకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది. ఇంతకీ ఈ ధాన్యం నాకు అప్పగించినట్టేనా? మధ్యలో నాది అనవు కదా?"

వాడు నవ్వాడు. "అప్పగించాను, పో. ఏం చేస్తావు?"

కువలయ కొంగు నడుముకు దోపింది. బయటికి వెళ్ళి రాతియువకుడి భుజం మీదున్న పలుగు లాగింది. అదొక్కటే రాయి కాలేదు. "ఒకసారి అరువివ్వండి" అంది. రాతికళ్ళు ఆమె వైపు కదిలాయి.

మేడిచెట్టు దిగువన, కొత్తగా వచ్చిన ఊటనీళ్ళతో నేల తడిగా ఉంది. ఆమె దుక్కి చేసినట్టు సాళ్ళు తవ్వింది. చీమలు గింజ వెనక గింజగా గది లోంచి మోసుకొచ్చి సాళ్ళలో వేశాయి. కొంగలు కాళ్ళతో మట్టి కప్పాయి. కడుపు నిండిన పిచ్చుకలు ఒక్క గింజ ముట్టలేదు. కువలయ చేతులు బొబ్బలెక్కాయి. ఎండ నెత్తిమీదినుంచి వీపు మీదికి జారింది. సోమక్క మాటలు గుర్తొచ్చినప్పుడల్లా పలుగు ఇంకాస్త లోతుగా దిగింది. పొద్దు వాలుతుండగా ఆఖరి గింజ నేలలోకి పోయింది.

"గది ఖాళీ" అంది. "ధాన్యం పోలేదు. కొన్నాళ్ళు ఆగితే ఇంతకు ఇంతై కనిపిస్తుంది."

కరాళుడు పరుగున పంజరం దగ్గరికి వెళ్ళాడు. చిలుక ముందు గిన్నె ఖాళీ. బయటికి పరిగెత్తి సాలులో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తవ్వి తెచ్చాడు. చిలుక వాసన చూసి మొహం తిప్పేసింది. అవి అప్పటికే నాటిన గింజలు, ఊరికే పడి ఉన్నవి కావు.

వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. "రాకుమారీ, నీకు బంగారు గోపురం కట్టిస్తాను."

"వద్దు."

"నీ రాజ్యంలో ఇంటింటికీ బస్తా పంపిస్తాను."

"పై ఏడు కూడానా?"

వాడు మాట మార్చాడు. "నీకు... నీకు చావులేకుండా చేస్తాను. ఒక్క గాదె తలుపు మూసి ఉంచు. ఒక్కటంటే ఒక్కటి!"

"ఒక్క తట్టతో మొదలుపెట్టావు కదూ నువ్వు" అంది కువలయ.

అప్పుడు చిలుక నోరు విప్పింది. ఎన్ని ఏళ్ళ తర్వాతో ఏమో, గొంతు బొంగురుపోయింది. "అమ్మాయీ, నాకు ఆకలేస్తోంది. కాని ఆ పాతగింజల కంపు భరించలేను. ఆ చెట్టు పండు ఒకటి పెట్టవూ?"

"పెట్టకు!" అని కరాళుడు కేకపెట్టాడు.

కువలయ పండు కోసి చువ్వల సందులోంచి అందించింది. చిలుక పండును ముక్కుతో పొడిచి, ఒక ముక్క మింగింది. ఈకలు లేత పచ్చగా మెరిశాయి. పంజరం చువ్వలు ఎండిన పుల్లల్లా విరిగాయి. చిలుక ఎగిరి మేడిచెట్టు మీద వాలింది. కరాళుడు నిలబడ్డచోట పచ్చ అంగీ ఒకటి కుప్పకూలింది. దులిపి చూస్తే అందులో ఊక తప్ప ఏమీ లేదు.

ఒడ్డున రాళ్ళు ఒళ్ళు విరుచుకున్నాయి. దండివర్మ ఎత్తిన కత్తి దించి చుట్టూ చూశాడు. "వాడెక్కడ?"

"ఊడ్చేశాను" అంది కువలయ.

పలుగు యువకుడు ముందుకొచ్చాడు. పేరు కేతనుడు, పొగడదీవి రాజకుమారుడు. వాళ్ళ తాతకూ కరాళుడు ఇలాగే కాపలా కుదిరాడట.

"నా పలుగు" అన్నాడు.

"ఇస్తాను. ముందు ఇది చెప్పండి. నదిగట్టుకు రాతికట్టు వేయడం వచ్చా?"

"మాది సముద్రం మధ్య ఊరు. గట్టు కట్టడం రానివాడికి మా దగ్గర పిల్లనివ్వరు."

"అయితే ఎక్కండి. వానలు దగ్గరపడ్డాయి."

గూడబాతు తనవాళ్ళందరినీ పిలుచుకొచ్చింది. గూడబాతుల గుంపు మీద ఏడు సముద్రాలూ దాటారు. కల్లుసముద్రం దగ్గర లలితవర్మ కాసేపు ఆగుదామన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

పైడికొండలో రాజు మనిషై చెయ్యి విదిలించుకుంటూ ఉన్నాడు. కువలయ ఆయన పక్కన నిలబడి తలుపు లాగింది. మొదటి గాదెలోంచి పొడి రాలింది. రెండో గాదెలోంచీ పొడే. మూడోది, నాలుగోది, అయిదోది కూడా అంతే. అంతా పాతది, తాతల నాటిది, పురుగుల పాలైంది. కొత్తగా నిండిన ఆరో గాదె, ఏడో గాదె మాత్రం బాగున్నాయి. రాజు గడప మీద కూలబడ్డాడు. "ఎంతమంది చెమట అమ్మా ఇది" అన్నాడు.

"ఏడవడానికి వానాకాలం ఉంది నాన్నగారూ. ముందు గండి."

ఆరో గాదె తలుపు గట్టు పనికి తెరుచుకుంది. రాయి మోసినవాళ్ళకు కూలి ధాన్యం, పని చెయ్యలేని ముసలివాళ్ళకు, బాలింతలకు ముందుగా ధాన్యం. అయిదు ఊళ్ళకూ విత్తనాలు. లలితవర్మ వచ్చి నసిగాడు. "చెల్లాయీ, పన్ను సంగతి..."

"నీ మాటలో సగం మంచిదే అన్నయ్యా. ఆ అయిదు ఊళ్ళకూ ఈ ఏడు పన్ను వద్దు. ఈ ఏడే అని గట్టిగా చెప్పు. నువ్వు చెబితేనే తియ్యగా ఉంటుంది."

దండివర్మ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. "గోపురం..." అన్నాడు దిగులుగా.

"కట్టు. గట్టు చివర కట్టు. వరద ఎంత దూరంలో ఉందో చూడ్డానికి మనిషి ఎక్కేంత ఎత్తు చాలు. నీ పేరు కూడా చెక్కించుకో."

దండివర్మ మొహం విప్పారింది. రాళ్ళు తనే మోశాడు.

పని సాగింది. కేతనుడు కట్టు పునాది ఎక్కడ వెయ్యాలో తాడుతో గీత గీసి చూపించాడు. సోమక్క రాళ్ళకు సున్నం అందిస్తూ ఆయన మీద కూడా నోరు చేసుకుంది. "గీతలు బాగానే గీస్తున్నావు బాబూ, నదికి చదువొచ్చా?" ఆయన నవ్వి ఇంకో వరస రాయి పెట్టించాడు. మబ్బులు పడమట పోగయ్యాయి. ఉరిమాయి. ఆఖరి బండ గండిలో దిగేసరికి తొలి చినుకు కువలయ చేతి మీద పడింది.

మూడు రోజులు ముసురు పట్టింది. వెన్నేరు ఎర్రగా పొంగింది. గోపురం మీదినుంచి దండివర్మ కేకపెట్టాడు. "వస్తోంది!" వచ్చింది. కొత్త కట్టును గుద్దింది. వెనక్కి తగ్గింది. మళ్ళీ గుద్దింది. అయిదు ఊళ్ళవాళ్ళూ గట్టు మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నీళ్ళు కట్టు భుజం దాకా వచ్చి, ఇక పైకి రాలేక, మెల్లగా పాత దారి పట్టి సముద్రం వైపు తిరిగాయి.

సోమక్క కువలయ కొంగు పట్టుకుని ముడి విప్పింది. ఇసుకను వెన్నేట్లోకి జారవిడిచింది. "ఇక కప్పలకు ఏం చెబుతావో నాకు తెలీదు గాని" అంది, "మేము మాత్రం ఇక్కడే ఉంటాం."

పంటలు వచ్చాక ఆ గట్టు మీదే కువలయకూ కేతనుడికీ పెళ్ళయింది. కొండలూ కోనలూ దాటి ముసలిచీమ వంశమంతా వచ్చింది. గూడబాతు తన పిల్లలతో వచ్చింది. పచ్చచిలుక వచ్చి, తలంబ్రాలు మేడిపళ్ళంత తియ్యగా లేవంది. గజవర్మ తర్వాత కువలయే రాణి అయింది. కేతనుడు ఆమె పక్కన ఉండి రెండు రాజ్యాల గట్లూ చూసుకున్నాడు. వాళ్ళు చాలాకాలం ఏలారు.

ఏడో గాదెను కరువు కోసం ఉంచారు. కాని ఆచారం మారింది. ఏటా ఎండలు కాసే రోజుల్లో తలుపు బార్లా తెరిచి, ధాన్యమంతా కోట ముందు పరిచేవారు. ఎవరైనా వచ్చి చూడవచ్చు. దోసెట్లోకి తీసుకుని ఊదవచ్చు. ఎంత ఉంది, ఎలా ఉంది, కొత్త మిగులు ఏ పనికి పోతుంది అని రాణిని మొహం మీదే అడగవచ్చు. అందరికంటే ముందు సోమక్క వచ్చి అడిగేది. రాణి జవాబు చెప్పేది. జవాబు నచ్చితేనే సోమక్క గడప దిగేది.

కథ గట్టెక్కింది. మీరూ లేవండి, తలుపులు తెరుచుకుని పనుల్లోకి పదండి.